వడ్డించేది మీరే కదా: యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) అధ్యక్షుడికి ఒక బహిరంగ లేఖ

అలెగ్జాండర్ చెఫెరిన్ గారికి,

నమస్కారం అండీ. నేను విజయవాడలో ఒక ఆడిట్ ఆఫీసులో పని చేస్తా, పన్నెండేళ్ల నుంచి ఇదే పని, పొద్దున పదింటికి కూర్చుంటే రాత్రి ఎనిమిదింటి దాకా వేరేవాళ్ల లెక్కలు చూడటమే. రాత్రి పన్నెండు దాటాక మాత్రం ఫుట్‌బాల్. యూరప్ మేటి క్లబ్బులు ఆడే మీ చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మాకు ఎండాకాలం పన్నెండున్నరకి, చలికాలం ఒకటిన్నరకి మొదలవుతాయి, అయిపోయేసరికి పాలవాడు వచ్చే టైం దగ్గర పడుతుంది, అయినా చూస్తాం. మీకు ఈ లెటర్ తెలుగులో రాస్తున్నా, ఎందుకంటే ఇది మీరొక్కరే చదవాల్సింది కాదు, మా ఊళ్లో నాలాగా నిద్ర మానుకుని చూసేవాళ్లందరూ చదవాలి, మనం కట్టే డబ్బులు ఎటు పోతున్నాయో తెలియాలి అని నా ఉద్దేశం.

ముందు ఒక రాత్రి గురించి చెప్తా. 2019 మే 8, మాకైతే తెల్లారితే 9. విజయవాడ ఎండలు మీకు తెలియవు, ఆ నెలలో రాత్రి కూడా ఇంట్లో పడుకోలేం, నేనూ మా తమ్ముడూ మేడ మీద చాప వేసుకుని, నీళ్ల చెంబుకి ఫోన్ ఆనించి నెదర్లాండ్స్ క్లబ్ అజాక్స్‌కీ లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌కీ మధ్య చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ చూస్తున్నాం. మొదటి మ్యాచ్ లండన్‌లో అజాక్స్ 1-0 గెలిచింది. ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐదో నిమిషంలోనే డి లిట్ హెడర్, 35వ నిమిషంలో జియెష్ గోల్, రెండు మ్యాచ్‌లూ కలిపి 3-0. హాఫ్ టైంకి మా వాడు ఇంకేముంది అయిపోయింది అని అటు తిరిగి పడుకున్నాడు. తర్వాత టాటెన్‌హామ్ ఆటగాడు లూకాస్ మౌరా నాలుగు నిమిషాల తేడాలో రెండు కొట్టాడు, నేను వాడిని తట్టి లేపా, జియెష్ కొట్టింది ఒకటి పోస్ట్‌కి తగిలి పోయింది, ఇక 90 అయిపోయింది ఎక్స్‌ట్రా ఐదు నిమిషాలు కూడా అయిపోయాయి, 96వ నిమిషంలో మౌరా ఎడమ కాలుతో మూడోది కొట్టేశాడు. మొత్తం 3-3, కానీ అప్పటి రూల్ ప్రకారం అవతలివాళ్ల గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన టాటెన్‌హామ్ ఫైనల్‌కి వెళ్లింది. అజాక్స్ పిల్లలు ఎక్కడివాళ్లక్కడ గడ్డి మీద పడిపోయారు. నేను గట్టిగా అరిచానో ఏమో మా అమ్మ మెట్లెక్కి పైకొచ్చి ఏమైందిరా అని అడిగింది, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ టీం ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. కెప్టెన్ డి లిట్‌కి అప్పటికి 19 ఏళ్లు, డి యాంగ్‌కి 21. ఆ సీజన్‌లో రియల్ మాడ్రిడ్‌ని వాళ్ల సొంత స్టేడియం బెర్నబ్యూలో 4-1 కొట్టారు, రొనాల్డో ఉన్న యువెంటస్‌ని టురిన్‌లో 2-1 కొట్టారు. ఓడిపోయింది ఆట, అది పర్వాలేదు, ఓటమి అనేది ఆటలో ఉండేదే, దానికి నేను ఈ లెటర్ రాయట్లేదు. ఆ తర్వాత జరిగిన దాని గురించి రాస్తున్నా. మూడు నెలలు తిరక్కుండానే డి యాంగ్ బార్సిలోనాకి, డి లిట్ యువెంటస్‌కి వెళ్లిపోయారు, ఒక్కొక్కళ్లకి 7.5 కోట్ల యూరోలు. మరుసటి ఏడాది జియెష్ చెల్సీకి, వాన్ డి బీక్ మాంచెస్టర్ యునైటెడ్‌కి. 1995లో కూడా ఇదే జరిగింది, పద్దెనిమిదేళ్ల క్లైవర్ట్ గోల్‌తో మిలాన్‌ని ఓడించి యూరప్ చాంపియన్ అయిన అజాక్స్ టీం, అదే ఏడాది డిసెంబర్‌లో కాంట్రాక్టు అయిపోయిన ప్లేయర్ ఫీజు లేకుండా వెళ్లొచ్చు అన్న బోస్మన్ తీర్పు వచ్చాక రెండు మూడేళ్లలో చెల్లాచెదురైపోయింది, క్లైవర్ట్ ఏ ఫీజూ లేకుండా అదే మిలాన్‌కి వెళ్లాడు. అజాక్స్ అకాడమీ గ్రౌండ్ పేరు డి టూకోమ్స్ట్, అంటే వాళ్ల భాషలో భవిష్యత్తు అంట. ఆ భవిష్యత్తు ప్రతిసారీ వేరేవాళ్ల ఇంటికే పోతోంది.

2018-19లో, అంత గొప్ప సీజన్‌లో, అజాక్స్ మొత్తం ఆదాయం దాదాపు 20 కోట్ల యూరోలు. ఇంకోవైపు 2023-24లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో వచ్చి కింది లీగ్‌కి దిగిపోయిన షెఫీల్డ్ యునైటెడ్‌ని చూడండి, 38 మ్యాచ్‌ల్లో 104 గోల్స్ ఇచ్చుకున్నారు, 16 పాయింట్లు వచ్చాయి, లీగ్ పంచిన డబ్బులు మాత్రం దాదాపు 11 కోట్ల పౌండ్లు వచ్చాయి. ఏళ్లు వేరు, కరెన్సీ వేరు, నేను ఆడిట్ వాడిని కాబట్టి అది ఒప్పుకుంటా, అయినా విషయం అర్థమవుతుంది కదా. చాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా వచ్చిన క్లబ్‌కి టికెట్లు టీవీ స్పాన్సర్లు అన్నీ కలిపి ఏడాదికి వచ్చినదాంట్లో సగం పైన, ఒక లీగ్‌లో అట్టడుగున ఉన్నవాళ్లకి ఒక్క లీగ్ వాటా కిందే వచ్చేసింది.

షెఫీల్డ్ వాళ్ల మీద నాకు కోపం లేదండీ. నిజానికి ప్రీమియర్ లీగ్ లోపల పంపకం బాగానే ఉంటుంది, అదే ఏడాది చాంపియన్ మాంచెస్టర్ సిటీకి వచ్చింది 17.6 కోట్ల పౌండ్లు, అంటే మొదటివాడికీ చివరివాడికీ తేడా రెట్టింపు కూడా లేదు. 2025 నుంచి నాలుగేళ్లకి వాళ్ల దేశంలో టీవీ హక్కులే 670 కోట్ల పౌండ్లకి అమ్ముకున్నారు, అంత అమ్ముకోగలిగారంటే అక్కడ ఏ వారం ఎవరు ఎవరిని ఓడిస్తారో తెలియదు కాబట్టి, ఆ తెలియకపోవడమే వాళ్ల సరుకు, దాన్ని కాపాడుకోవాలంటే కింద ఉన్నవాడికి కూడా కడుపు నిండాలి అని లీగ్ మొదలైన 1992లోనే వాళ్లకి తెలుసు. ఫ్రాన్స్‌లో చూడండి, 2020లో మీడియాప్రో అనే కంపెనీతో చేసుకున్న టీవీ హక్కుల ఒప్పందం కుప్పకూలింది, తర్వాత డజోన్ అనే ఇంకో కంపెనీతో చేసుకున్నది కూడా 2025లో మధ్యలో ఆగిపోయి చివరికి లీగే సొంత చానల్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక్క క్లబ్బే ఎప్పుడూ గెలిచే లీగ్‌ని కొనేవాడు దొరకడం కష్టం.

ఇప్పుడు పైన ఉన్నవాళ్ల సంగతి. డెలాయిట్ అనే ఆడిట్ కంపెనీ లెక్క ప్రకారం 2023-24లో రియల్ మాడ్రిడ్ ఆదాయం 104.6 కోట్ల యూరోలు, ఫుట్‌బాల్ చరిత్రలో వంద కోట్లు దాటిన మొదటి క్లబ్. దాన్ని విడగొడితే కమర్షియల్ 48.2 కోట్లు, అంటే జెర్సీ మీద పేర్లు, కిట్ కంపెనీ, షాపులు ఇవన్నీ. టీవీ డబ్బులు 31.6 కోట్లు. మ్యాచ్‌డే 24.8 కోట్లు, ఇది ఒక్క ఏడాదిలోనే రెట్టింపైంది, ఎందుకంటే బెర్నబ్యూని మళ్లీ కట్టారు, గడ్డిని ముక్కలు ముక్కలుగా భూమి లోపలికి దించి పైన వేరే కార్యక్రమం పెట్టుకునేలా కట్టారు, 2025 నవంబర్‌లో అక్కడ అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ కూడా ఆడించారు. టాటెన్‌హామ్ వాళ్లు కూడా అంతే, 36 వేల మంది పట్టే పాత వైట్ హార్ట్ లేన్ పడగొట్టి దాదాపు వంద కోట్ల పౌండ్లతో 62 వేల పైన సీట్ల స్టేడియం కట్టుకున్నారు. ఇది వాళ్ల కష్టం, వాళ్ల తెలివి, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. సొంత గ్రౌండ్‌లో టికెట్ అమ్ముకుని సంపాదించినది వాళ్లదే, జెర్సీ అమ్ముకున్నదీ వాళ్లదే.

నా మాట మీ దగ్గర నుంచి వెళ్లే డబ్బు గురించి. మా వైపు పెళ్లిభోజనాల్లో ఒక సామెత చెప్తారు, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని. ఇక్కడ వడ్డించేది మీరు. గరిటె మీ చేతిలో ఉంది.

మీ చాంపియన్స్ లీగ్‌లో 2024 నుంచి 2027 దాకా ఏడాదికి క్లబ్బులకి పంచేది దాదాపు 247 కోట్ల యూరోలు. అందులో 27.5 శాతం అందరికీ సమానంగా, 36 క్లబ్బుల్లో ఒక్కోదానికి 1.86 కోట్లు, చాలా మంచిది. 37.5 శాతం గెలిచినదాన్ని బట్టి, ఒక గెలుపుకి 21 లక్షల యూరోలు, డ్రాకి 7 లక్షలు, ఇదీ న్యాయమే, ఆడి గెలిచినవాడికి ఇవ్వాల్సిందే. మిగిలిన 35 శాతానికి మీరు వాల్యూ పిల్లర్ అని పేరు పెట్టారు. ఇది ఈ ఏడాది ఆటని బట్టి ఇచ్చేది కాదు. ఒక భాగం ఆ క్లబ్ దేశంలో టీవీ మార్కెట్ ఎంత పెద్దది, గత ఐదేళ్ల రికార్డు ఎంత అని చూసి ఇస్తారు. రెండో భాగం, యూరప్ బయట నుంచి వచ్చే టీవీ డబ్బుకి సంబంధించినది, గత పదేళ్ల రికార్డు చూసి ఇస్తారు.

యూరప్ బయట అంటే ఎవరండీ? మేమే. విజయవాడలో మేడ మీద ఫోన్ పెట్టుకుని చూసిన నేను, హైదరాబాద్‌లో, వైజాగ్‌లో, దుబాయ్‌లో డ్యూటీ దిగి రూంలో చూసే మా గోదావరి కుర్రాళ్లు, అమెరికాలో మధ్యాహ్నం ఆఫీసులో దొంగచాటుగా చూసేవాళ్లు. మేము డబ్బులు కట్టి ఏ మ్యాచ్ చూసినా, అది ఎవరి ఆట కోసం కట్టామో దానితో సంబంధం లేకుండా, గత పదేళ్లలో ఎవరు ఎక్కువ గెలిచారో వాళ్ల వైపే ఎక్కువ వాటా పోతుంది. ఈ సంగతి మీ పంపకం సర్క్యులర్ చదివినప్పుడు నాకు నిజంగా మనసు కష్టమైంది, ఎందుకంటే ఆ రోజు మేడ మీద నేను కట్టిన డబ్బు అజాక్స్‌కి అనుకున్నా. నేనొక్కడినే కాదు, ఇక్కడ ఎవరిని అడిగినా వాళ్ల టీంకే పోతోంది అనుకుంటున్నారు.

పదేళ్ల రికార్డు అంటే ఏంటో మా ఆఫీసు భాషలో చెప్తా. గత పదేళ్ల లాభాన్ని బట్టి ఈ ఏడాది బోనస్ ఇవ్వడం. పాతికేళ్ల కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరి అందరికన్నా బాగా పని చేసినా, నీకు ఇక్కడ పదేళ్ల సర్వీసు లేదు కదా అని వాడి బోనస్ పక్కవాడికి ఇచ్చినట్టు. డబ్బున్నవాడు మంచి ప్లేయర్లని కొంటాడు, కొంటే గెలుస్తాడు, గెలిస్తే రికార్డు పెరుగుతుంది, రికార్డు పెరిగితే మీరు ఇంకా ఇస్తారు, ఆ డబ్బుతో మళ్లీ డి లిట్‌ని కొంటాడు. 2004లో పోర్టో గెలిచిన తర్వాత ఇంగ్లండ్, స్పెయిన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ తప్ప ఇంకో దేశం క్లబ్ ఏదీ చాంపియన్స్ లీగ్ గెలవలేదు. ఒకప్పుడు గ్లాస్గో చుట్టుపక్కల పుట్టిన కుర్రాళ్లతోనే సెల్టిక్ 1967లో గెలిచింది, 1986లో బుకారెస్ట్ స్టావా, 1991లో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ గెలిచాయి. ఆ ఊళ్లలో ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడే పిల్లలు తక్కువైపోయారా? లేదు కదా.

మీ దేశం మాటే తీసుకోండి. 2017 అక్టోబర్‌లో మీ స్లోవేనియా చాంపియన్ మారిబోర్ సొంత గ్రౌండ్‌లో లివర్‌పూల్ చేతిలో 7-0 ఓడిపోయింది. ఆ సీజన్ తర్వాత స్లోవేనియా నుంచి ఒక్క క్లబ్ కూడా చాంపియన్స్ లీగ్ ప్రధాన దశకి రాలేదు. యూరప్ ఫుట్‌బాల్ మొత్తానికి పెద్దదిక్కుగా ఉన్న మనిషి దేశం నుంచే రాలేకపోతున్నారు, ఇది మీకూ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుందని నేను నమ్ముతున్నా.

రూల్స్ లేవని కాదు. ఉన్నాయి. 2009లో ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే అని తెచ్చారు, 2022లో దాన్ని మార్చి ఫైనాన్షియల్ సస్టెయినబిలిటీ రూల్స్ అన్నారు. పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేశారు, నేను అది చూసి చాలాసేపు ఆలోచించా. కొత్త రూల్ ప్రకారం జీతాలకి, ట్రాన్స్‌ఫర్లకి, ఏజెంట్లకి పెట్టే ఖర్చు ఆదాయంలో 70 శాతం దాటకూడదు. మొదట 90, తర్వాత 80, 2025-26 నుంచి 70. వినడానికి చక్కగా ఉంది. లెక్క వేసి చూడండి, ప్లేయర్ల అమ్మకాలు పక్కన పెడితే వంద కోట్లు వచ్చేవాడు 70 కోట్లు పెట్టుకోవచ్చు, 20 కోట్లు వచ్చేవాడు 14 పెట్టుకోవచ్చు. ఇద్దరూ రూల్ పాటించినట్టే. అప్పుల పాలు కాకుండా ఈ రూల్ ఆపుతుంది, ఆ మేరకు నేను దండం పెడతా, కానీ పెద్దోడికీ చిన్నోడికీ ఉన్న దూరం మాత్రం అంగుళం కూడా తగ్గదు, పైగా ఇప్పుడు దానికి చట్టం ముద్ర పడింది.

అప్పుల మాట వచ్చింది కాబట్టి చెప్తా, రూల్స్ వద్దు అనేవాళ్లలో నేను లేను. ఇంగ్లండ్‌లో బరీ అని ఒక క్లబ్, 1885లో పెట్టారు, రెండుసార్లు ఎఫ్‌ఏ కప్ గెలిచింది, 1903 ఫైనల్‌లో డెర్బీని 6-0 కొట్టింది. డబ్బుల గొడవల్లో మునిగి 2019 ఆగస్టులో లీగ్ నుంచి తీసేశారు. 134 ఏళ్ల క్లబ్. గిగ్ లేన్ గ్రౌండ్ గేట్లకి తాళాలు పడ్డాయి, శనివారం మధ్యాహ్నం ఎక్కడికి వెళ్లాలో తెలియని ఊరు మిగిలింది. బార్సిలోనా కూడా 2021లో 135 కోట్ల యూరోల అప్పు ఉందని చెప్పింది, జీతాల పరిమితి అడ్డొచ్చి మెస్సీనే వదులుకుంది, మరుసటి ఏడాది వచ్చే పాతికేళ్లలో లీగ్ టీవీ డబ్బుల్లో 25 శాతం ముందే అమ్ముకుంది. కానీ బార్సిలోనా బతికే ఉంది, బరీని ఎవరూ ఆదుకోలేదు. పెద్ద క్లబ్‌కి అమ్ముకోవడానికి రేపటి పాతికేళ్లు ఉంటాయి, చిన్న క్లబ్‌కి ఆ రేపు ఉండదు.

ఇంకోటి, ఇది నా పనికి సంబంధించింది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా, ఓపిక పట్టండి. ప్లేయర్‌ని కొన్నప్పుడు ఆ ఫీజు అంతా ఒకే ఏడాది ఖర్చుగా రాయరు, కాంట్రాక్టు ఎన్నేళ్లో అన్నేళ్లకి పంచుతారు, మేము మిషన్ కొంటే తరుగుదల రాసినట్టే. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ని 10.68 కోట్ల పౌండ్లకి కొని ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఐదేళ్లకి పంచితే ఏడాదికి 2.1 కోట్లు పైన పడాలి, ఎనిమిదిన్నరకి పంచితే 1.3 కోట్ల లోపే. మీరు అది చూసి అదే ఎండాకాలం ఐదేళ్లే లెక్క అని రూల్ మార్చారు, మంచి పని చేశారు. అలాగే చెల్సీ తన రెండు హోటళ్లని తన గ్రూపులోని ఇంకో కంపెనీకే 7.65 కోట్ల పౌండ్లకి అమ్మి లాభం చూపించుకుంది. ఇంగ్లండ్ లీగ్ రూల్స్‌లో అది చెల్లింది, మీ రూల్స్‌లో చెల్లలేదు, 2025 జూలైలో మీరు, టీం ఖర్చు పరిమితి దాటినదానితో కలిపి, మొత్తం 3.1 కోట్ల యూరోల జరిమానా వేశారు. మా ఆఫీసులో మార్చి నెలాఖరులో ఎవరైనా గోడౌన్ అమ్మి లాభం వచ్చిందని కాగితాలు తెస్తే మా సార్ లాభం ఎంత అని అడగడు, కొన్నది ఎవరు అని అడుగుతాడు. మీరూ ఆ ప్రశ్న అడిగారు, అందుకు నిజంగా సంతోషం.

కానీ అదే తరుగుదల లెక్కలో ఒక క్రూరమైన సంగతి ఉంది. కొన్న ప్లేయర్‌ని అమ్మితే అతని మీద ఇంకా మిగిలిన విలువ తీసేసి లాభం చూస్తారు. సొంత అకాడమీలో చిన్నప్పటి నుంచి పెంచిన కుర్రాడికి పుస్తకాల్లో విలువ సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకే రూల్‌కి సరిపోవాలంటే క్లబ్బులు మొదట చూసేది ఎవరినంటే తమ ఊళ్లో పుట్టి, ఆరేడేళ్ల వయసులో ఆ చొక్కా వేసుకుని పెరిగిన కుర్రాడిని. చెల్సీ మేసన్ మౌంట్‌ని, కానర్ గాలహర్‌ని అలాగే అమ్ముకుంది. రూల్ పెట్టినప్పుడు ఇలా అవ్వాలని మీరు కోరుకుని ఉండరు. అయినా అయింది.

2021 ఏప్రిల్ 18 మీకు నాకన్నా బాగా గుర్తు. 12 క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ అన్నాయి, కిందకి దిగేది లేదు, ఆడినా ఆడకపోయినా కొందరి కుర్చీ పదిలం. రెండు రోజులకి చెల్సీ స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ బయట చెల్సీ అభిమానులే చెల్సీ బస్సుకి అడ్డం కూర్చున్నారు, వాళ్ల పాత గోల్‌కీపర్ పీటర్ చెక్ బయటికొచ్చి బతిమాలాల్సి వచ్చింది. ఆ రెండు రోజులు ప్రపంచమంతా అభిమానులు మీ పక్షాన ఉన్నారు, ఇక్కడ మేము కూడా. మీరు చెప్పింది ఒక్కటే, సీటు అనేది గ్రౌండ్‌లో సంపాదించుకోవాలి అని. అదే వారం మీరు ఆమోదించిన కొత్త ఫార్మాట్‌లో పాత రికార్డు చూసి రెండు సీట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది, అందరూ గట్టిగా అడిగితే 2022 మేలో అది తీసేశారు. మాట విన్నారు, సంతోషం. సీట్ల దగ్గర తప్పు అనుకున్న ఆ పాత రికార్డు, డబ్బుల దగ్గర మాత్రం ఎలా ఒప్పు అయింది? నా లెటర్ మొత్తానికి నేను అడగాల్సిన ప్రశ్న ఇదే చెఫెరిన్ గారూ.

పెద్ద క్లబ్బులు వెళ్లిపోతామని బెదిరిస్తాయి, వాళ్లని ఆపాలంటే ఎంతో కొంత ఇవ్వాలి అని మీ వాళ్లు అనుకుంటారేమో, అది కూడా నాకు అర్థమవుతుంది. కానీ 2021లో వాళ్లని ఆపింది డబ్బు కాదు కదా, జనం. జర్మనీలో చూడండి, క్లబ్‌లో సగం పైన ఓటు సభ్యుల దగ్గరే ఉండాలని 50 ప్లస్ 1 రూల్ ఉంది, లీగ్‌లోకి బయట పెట్టుబడి తెస్తామంటే అభిమానులు వారాల తరబడి గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు, 2024 ఫిబ్రవరిలో లీగే వెనక్కి తగ్గింది. అడిగేవాళ్లు ఉంటే వినక తప్పదు.

ఇక నేను అడిగేవి. ఊరికే బాధపడి వదిలేయడం నాకు చేతకాదు, లెక్కల వాడిని.

ఇప్పుడున్న పంపకం 2027తో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే పంపకంలో పదేళ్ల రికార్డు అనే మాటే ఉండకూడదు. యూరప్ బయట నుంచి వచ్చే డబ్బు మొత్తం, ఆ ఏడాది ఆడిన 36 క్లబ్బులకీ సమానంగా పంచండి. మేము చూసేది టోర్నమెంట్‌ని, ఏ ఒక్క క్లబ్‌నో కాదు. 2025లో నార్వేలో ఆర్కిటిక్ వలయం పైన ఉన్న బోడో అనే చిన్న ఊరి టీం యూరోపా లీగ్ సెమీస్‌కి వచ్చినప్పుడు, ఎనిమిది వేల మంది పట్టే వాళ్ల స్టేడియంలో ప్లాస్టిక్ గడ్డి మీద వాళ్ల ఆట చూడటానికి మా ఆఫీసులో ఫుట్‌బాల్ తెలియని ఇద్దరు కూడా రాత్రి మేలుకున్నారు, మర్నాడు టీ దగ్గర వాళ్ల మాటే.

రెండోది, మీ టోర్నమెంట్లలో ఆడని క్లబ్బులకి ఇచ్చే సాలిడారిటీ వాటా. 4 శాతం ఉన్నదాన్ని 7 చేశారు, ఇప్పుడు ఏడాదికి 30.8 కోట్ల యూరోలు, క్వాలిఫయింగ్‌లో ఓడినవాళ్లకి ఇచ్చేది వేరే. పెంచినందుకు కృతజ్ఞతలు. కానీ 55 దేశాల్లో వందల క్లబ్బులకి అది పంచితే ఒక్కోదానికి ఎంత మిగులుతుంది? దాన్ని 7 నుంచి 15 చేయండి. 15 అన్నది ఊరికే చెప్పలేదు, వాల్యూ పిల్లర్‌లో మిగిలిన ఆ ఐదేళ్ల రికార్డు వాటా తీస్తే పెద్దవాళ్ల ఇంట్లో పొయ్యి ఆరిపోకుండానే దాదాపు సరిపెట్టొచ్చని నా అంచనా.

మూడోది, పిల్లల్ని పెంచినవాళ్లకి. ఒక ప్లేయర్ ఫీజుకి దేశం మారితే 12 నుంచి 23 ఏళ్ల దాకా పెంచిన క్లబ్బులకి ఆ ఫీజులో 5 శాతం ఇవ్వాలని ఫిఫా రూల్ ఉంది. కాంట్రాక్టు అయిపోయి ఫ్రీగా వెళ్తే ఆ 5 శాతం కూడా రాదు, క్లైవర్ట్ వెళ్లింది అలా ఫ్రీగానే. మీరు దేశాల జట్లు ఆడే 2024 యూరో కప్ కోసం, దాని ముందు మ్యాచ్‌ల కోసం ప్లేయర్లని పంపిన క్లబ్బులకి 24 కోట్ల యూరోల దాకా ఇచ్చారు కదా, ఎవరు ఎన్ని రోజులు పంపారో లెక్కగట్టి మరీ. అదే పద్ధతి చాంపియన్స్ లీగ్‌కి కూడా పెట్టొచ్చు. ఒక క్వార్టర్‌ఫైనల్‌లో దిగిన 22 మందిని చిన్నప్పుడు ఎవరు పెంచారో ప్లేయర్ పాస్‌పోర్టులు అనే రికార్డుల్లో ఉంటుంది, ఆ మ్యాచ్ ప్రైజ్ మనీలో ఒక వంతు ఆ క్లబ్బులకి పంపండి. అలా చేస్తే డి లిట్ ఎక్కడ ఆడినా అజాక్స్‌కి ఎంతో కొంత వస్తుంది, అజాక్స్‌కే కాదు, అజాక్స్ కంటే ముందు అతనికి బంతి పట్టించిన పల్లెటూరి క్లబ్‌కి కూడా వస్తుంది.

నాలుగోది, 70 శాతం రూల్‌తో పాటు ఒక పై పరిమితి. ఎంత ఆదాయం ఉన్నా టీం మీద ఇంతకు మించి పెట్టకూడదు అని ఒక అంకె. ఇంగ్లండ్‌లో యాంకరింగ్ పేరుతో ఇలాంటి ఆలోచన వచ్చింది, చివరి స్థానంలో ఉన్న క్లబ్‌కి లీగ్ ఇచ్చే డబ్బుకి ఇన్ని రెట్లకి మించకూడదు అని, కానీ క్లబ్బులు ఒప్పుకోలేదు. ఒక్క లీగ్ ఒంటరిగా పెట్టుకోలేదు, పక్క దేశం వాళ్లు ఎత్తుకుపోతారని భయం ఉంటుంది, ఆ భయం న్యాయమైనదే. అందుకే యూరప్ మొత్తానికి పెట్టగలిగింది మీరొక్కరే. కోర్టులకి వెళ్తారు, తెలుసు. 2020లో మాంచెస్టర్ సిటీకి మీరు వేసిన రెండేళ్ల నిషేధాన్ని స్పోర్ట్స్ కోర్టు కొట్టేసింది, ఆరోపణల్లో కొన్నిటికి గడువు దాటిపోయిందంది. అందుకని రూల్ రాసేటప్పుడే గట్టిగా రాయండి, మీరు లాయర్ కదా, అది మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివరిగా ఒక చిన్న కోరిక, దీనికి రూల్ మార్చాల్సిన పని కూడా లేదు. ఇండియా నుంచి చాంపియన్స్ లీగ్ టీవీ హక్కుల కింద ఏడాదికి ఎంత వచ్చింది, అందులో ఏ క్లబ్‌కి ఎంత వెళ్లింది, ఒక పేజీ మీద రాసి అందరికీ కనపడేలా పెట్టండి. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ. మేము ఇచ్చింది మేము చూసుకోవడానికి. ఆ పేజీ వచ్చిన రోజు నేను దాన్ని ప్రింట్ తీసి, తెలుగులో రాసి, మా తమ్ముడికి, మా ఆఫీసులో ఆ ఇద్దరికీ, ఇంకా చూసేవాళ్లందరికీ పంచుతా.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక అజాక్స్ అభిమాని